రెండు గదులు, ఏడు కోరికలు

ప్రశ్న: వచ్చే నెల కుటుంబమంతా ఒక బీచ్ రిసార్ట్‌కి వెళ్తున్నాం. అత్తగారు, మామగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఐదు రాత్రులు, రెండు గదులు. ఒక ట్రావెల్ సైట్‌లో అన్నిటికన్నా తక్కువ రేటున్న గార్డెన్ వ్యూ గదులు బుక్ చేశాను. 'స్పెషల్ రిక్వెస్ట్స్' అన్న చోట ఏడు రాశాను: గదులు పక్కపక్కనే ఉండి మధ్యలో తలుపుండాలి, గ్రౌండ్ ఫ్లోర్ కావాలి (అత్తగారికి మోకాళ్ల నొప్పులు), సముద్రం కనిపించాలి, గోల ఉండకూడదు, స్విమ్మింగ్ పూల్ దగ్గర్లో ఉండాలి, చెకిన్ త్వరగా ఇవ్వాలి, వీలైతే సూట్‌కి అప్‌గ్రేడ్ చేయాలి. మేం అక్కడున్నప్పుడే అత్తగారి, మామగారి పెళ్లిరోజు వస్తుంది, అది కూడా రాశాను. సైట్ నుంచి 'మీ అభ్యర్థన హోటల్‌కి పంపాం' అన్న జవాబు తప్ప ఇంకేమీ లేదు. మావారేమో కట్టిన డబ్బుకి మించి అడగడం అడుక్కోవడమే అంటారు. మా ఫ్రెండ్ ఒకామె హనీమూన్ అని అబద్ధం చెప్పి సూట్ కొట్టేసిందట. నేను ఎవరిని అడగాలి, ఎలా అడగాలి? తీరా వెళ్లాక గది బాగోకపోతే ఏం చేయాలి?

జవాబు: మీరు రాసిన ఆ నోట్‌ని రిసార్ట్‌లో గదులు కేటాయించే మనిషి ఎలా చదువుతారో ముందు చెప్తాను. కొన్నేళ్లపాటు ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో ఆ పని చేశాను కాబట్టి ఆ కుర్చీలోంచి ఏం కనిపిస్తుందో నాకు తెలుసు.

మీరు దిగడానికి ముందు రోజునో, ఆ రోజు పొద్దున్నో అరైవల్స్ లిస్ట్ తీస్తారు. ఒక్కో పేరు పక్కన గది కేటగిరీ, ఎన్ని రాత్రులు, ఎలాంటి పడకలు, ఏం అడిగారు అన్నవి ఉంటాయి. ఒక్కో పేరుకీ ఒక గది నంబరు తగిలిస్తూ పోతారు. దీన్నే రూమ్ బ్లాక్ చేయడం అంటారు. ముందుగా కదపడానికి వీల్లేనివి పూర్తవుతాయి: చక్రాల కుర్చీవాళ్లకి కావాల్సిన గదులు, కనెక్టింగ్ గదులకి హోటల్ మాట ఇచ్చిన కుటుంబాలు, ఎక్కువ రాత్రులు ఉండేవాళ్లు, తరచూ వచ్చేవాళ్లకి పాయింట్లు, హోదాలు ఇచ్చే లాయల్టీ ప్రోగ్రాంలో పై మెట్టు మీదున్నవాళ్లు. తర్వాత మిగతావాళ్లు. జనం ఎక్కువగా దిగే రోజున ఒక్కో పేరు మీద పెట్టే సమయం ఒక నిమిషం కూడా ఉండదు. అలాంటప్పుడు ఏడు కోరికలున్న నోట్ కనబడితే మొదటి రెండు చూసి మిగతావి వదిలేస్తారు. లేదా ఇవన్నీ ఎలాగూ కుదరవు కదా అని మొత్తానికే వదిలేస్తారు. రెండోదే ఎక్కువగా జరుగుతుంది.

పైగా మీ ఏడింటిలో కొన్ని ఒకదానితో ఒకటి తగువు పెట్టుకుంటున్నాయి. పూల్ దగ్గర గది అంటే పొద్దున్నుంచి పిల్లల కేకలు, సాయంత్రం బార్‌లో పాటలు. అక్కడ నిశ్శబ్దం దొరకదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో సముద్రం కనిపించే గదులు ఉండవని కాదు గానీ, చాలా చోట్ల కిటికీకీ సముద్రానికీ మధ్య మొక్కలో, నడిచే దారో, జనమో ఉంటారు. అందుకే హోటళ్లు మంచి వ్యూ గదుల్ని పై అంతస్తుల్లో పెట్టి ఎక్కువ రేటుకి అమ్ముతాయి. అసలు మీరు బుక్ చేసింది గార్డెన్ వ్యూ. దాంట్లో సముద్రం కావాలని అడగడం రిక్వెస్ట్ కిందికి రాదు, వేరే కేటగిరీ గదిని ఊరికే అడగడం అవుతుంది. అలాంటి లైన్ ఒకటి నోట్‌లో కనబడగానే, పక్కనున్న మోకాళ్ల నొప్పుల లైన్ బరువు కూడా తగ్గిపోతుంది. నష్టమంతా అక్కడే.

అసలు చిక్కు ఇంకోటి ఉంది, చాలామంది గమనించరు. ఫలానా గది కావాలనడం, పై గదికి ఉచితంగా మార్చమనడం ఒకే రకం కోరికలు కావు. ఒకటి గట్టిపడితే రెండోది సన్నబడుతుంది. పక్కపక్కనే రెండు, తలుపుతో, కింది అంతస్తులో అని మీరు చెప్పిన కొద్దీ, మీకు ఇవ్వగల గదుల సంఖ్య తగ్గుతూ వస్తుంది. అప్‌గ్రేడ్ చేయాలంటే వాళ్ల చేతిలో ఆ వెసులుబాటు ఉండాలి. రెండు గదుల్నీ కలిపి ఐదు రాత్రుల పాటు పై కేటగిరీకి మార్చడం ఏ రిసార్ట్‌కైనా పెద్ద మాటే. ఒకవేళ ఒక గదికే అప్‌గ్రేడ్ వచ్చిందనుకోండి. అత్తగారు, మామగారు నాలుగో అంతస్తులో సముద్రం చూస్తూ సూట్‌లో, మీరు ఇంకో బ్లాక్‌లో కింద. రాత్రి ఆవిడకి నొప్పి ఎక్కువైతే పిలిచే దూరంలో మీరు ఉండరు. ఇంకో సంగతి, చాలా సూట్లలో ఒక పెద్ద మంచం, హాల్లో ఒక సోఫా బెడ్ ఉంటాయి. మీ నలుగురికి అది ఇస్తే, రెండు డబుల్ బెడ్లున్న మామూలు గది కన్నా ఇరుకవుతుంది. పేరుకి అప్‌గ్రేడ్, పడుకునేటప్పటికి డౌన్‌గ్రేడ్!

కాబట్టి ఏది లేకపోతే ఈ ప్రయాణం పాడవుతుందో దాన్ని ముందే ఖాయం చేసుకోండి, అవసరమైతే డబ్బు కట్టి. ఏది ఉంటే బాగుంటుందో దాన్ని అడగండి. అప్‌గ్రేడ్ సంగతి మాత్రం లెక్కలోంచి తీసేయండి, వస్తే వచ్చింది. మీ ఉత్తరాన్ని బట్టి నాకు అర్థమైనంత వరకు, లేకపోతే కుదరనివి రెండే: అత్తగారు మెట్లెక్కకూడదు, రెండు గదులూ దగ్గరగా ఉండాలి.

మెట్ల విషయంలో గ్రౌండ్ ఫ్లోర్ అని రాసి ఊరుకోకండి. లిఫ్ట్ ఉన్న భవనమైతే ఆవిడకి మూడో అంతస్తు లిఫ్ట్ పక్క గది, కింది అంతస్తులో పొడవాటి వరండా చివరి గది కన్నా నయం. రిసార్ట్‌లు సిటీ హోటళ్లలా నిటారుగా ఉండవు, పక్కలకి పరుచుకుని ఉంటాయి. గది నుంచి టిఫిన్ హాలుకి పది నిమిషాల నడక ఉండే చోట్లున్నాయి. అందుకని అడగాల్సింది 'మెట్లు లేకుండా, రెస్టారెంట్‌కి తక్కువ నడకతో' అని. బాత్రూం గురించి కూడా ఇప్పుడే అడగండి. బాత్‌టబ్‌లోకి కాలెత్తి దిగి స్నానం చేయడం మోకాళ్లు పట్టేసినవాళ్లకి మెట్లకన్నా కష్టం, జారిపడే ప్రమాదమూ ఉంది. 'వాకిన్ షవర్ ఉన్న గది' (టబ్ లేకుండా నేరుగా నడిచి వెళ్లి స్నానం చేసేది) అంటే వాళ్లకి వెంటనే తెలుస్తుంది. గోడకి పట్టుకునే కడ్డీలు, గడప లేని షవర్ ఉన్న గదులు వేరే ఉంటాయి. వాటిని యాక్సెసిబుల్ రూమ్స్ అంటారు. అమెరికాలో అయితే 2012 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, అదే రకం మిగతా గదులన్నీ అమ్ముడయ్యేవరకూ ఈ గదుల్ని వైకల్యం ఉన్నవాళ్ల కోసమే అట్టిపెట్టాలి. ఒకసారి బుక్ చేశాక ఆ గదిని వేరేవాళ్లకి ఇవ్వకూడదు. అత్తగారు కర్రో వాకరో లేకుండా నడవలేని స్థితిలో ఉంటే దాని గురించి విడిగా అడగండి. మామూలు నొప్పులే అయితే వాకిన్ షవర్ చాలు, ఆ గది అవసరమైనవాళ్లకి ఉండనివ్వండి.

ఇక గదుల మధ్య తలుపు. 'పక్కపక్కన' అన్న మాట వల్ల ఎన్ని గొడవలయ్యాయో చెప్పలేను. అడ్జాయినింగ్ అంటే ఒకే గోడ పంచుకున్న పక్క గది, అంతే. అటూ ఇటూ వెళ్లాలంటే బయటి వరండాలోకి రావాల్సిందే. కనెక్టింగ్ అంటే లోపల తలుపున్న జత. ఏ హోటల్‌లోనైనా ఈ జతలు కట్టినప్పుడే లెక్కపెట్టి కట్టినవి, అప్పటికప్పుడు పుట్టించలేరు. చాలా చోట్ల దీన్ని రిక్వెస్ట్‌గానే తీసుకుంటారు, మాట ఇవ్వరు. కొన్ని సంస్థలు మాట ఇస్తాయి. హిల్టన్ 2021లో బుక్ చేసేటప్పుడే కనెక్టింగ్ గదుల్ని ఖాయం చేసుకునే సదుపాయం తెచ్చింది. మీ రిసార్ట్‌లో ఏ పద్ధతో ఫోన్ చేసి అడగండి. 'కన్ఫర్మ్ చేస్తారా, రిక్వెస్ట్‌గా రాసుకుంటారా' అని నేరుగా అడిగితే నేరుగానే చెప్తారు. రిక్వెస్టే అంటే, రెండు పడగ్గదుల విల్లానో ఫ్యామిలీ సూటో రేటు ఎంతో కనుక్కోండి. కొన్నిసార్లు రెండు విడి గదుల రేటుకి దగ్గరగానే ఉంటుంది. దాంట్లో కలిసి ఉండటం అన్నది ఇంకొకరి దయ మీద ఆధారపడదు.

ఫోన్ ఎవరికి చేయాలి అన్నారు. సైట్‌కి కాదు. సైట్‌లో రాసింది హోటల్ కంప్యూటర్‌లోకి చేరుతుంది గానీ, దాన్ని ఎవరైనా కళ్లతో చదివారన్న భరోసా ఏమీ లేదు. పెద్ద సంస్థల హోటళ్లకి ఉండే సెంట్రల్ రిజర్వేషన్ నంబర్‌కి కూడా వద్దు, వాళ్లు ఎక్కడో కాల్ సెంటర్‌లో కూర్చుని ఉంటారు, గది నంబర్లు వాళ్ల చేతిలో ఉండవు. ఆ రిసార్ట్ సొంత నంబర్‌కి చేసి ఫ్రంట్ ఆఫీస్ కావాలనండి. పెద్ద రిసార్ట్ అయితే రూమ్ కంట్రోలర్ అని ఒకరు ఉంటారు, పొద్దస్తమానం వాళ్ల పని గదులు కేటాయించడమే. చెకిన్, చెకౌట్ల రద్దీ లేని వేళ చూసి చేయండి. మధ్యాహ్నం మూడింటికి చేస్తే ఎదురుగా సామాన్లతో నిలబడ్డ జనాన్ని చూస్తూ మీతో మాట్లాడాలి పాపం.

ఫోన్ తర్వాత ఒక చిన్న ఈమెయిల్ పెట్టండి, బయల్దేరడానికి వారం ముందు. నెల ముందు పెడితే మరుగున పడుతుంది, ముందు రోజు పెడితే అప్పటికే గదులు బ్లాక్ అయిపోయి ఉంటాయి. ఇదిగో, ఇంతే చాలు:

"మా పేరు మీద ఫలానా నంబర్లతో రెండు బుకింగులు ఉన్నాయి, ఒకే కుటుంబం, దయచేసి రెండూ కలిపి చూడండి. మా అత్తగారికి మోకాళ్ల సమస్య ఉంది. ఆవిడ గదికి మెట్లు ఎక్కకుండా వెళ్లగలగడం, వాకిన్ షవర్ ఉండటం మాకు ముఖ్యం. రెండో గది కనెక్టింగ్ అయితే సంతోషం, కాకపోతే పక్కదైనా సరే. మిగతా విషయాల్లో మీకు ఎలా వీలైతే అలా. మేం ఉన్నప్పుడే వాళ్ల పెళ్లిరోజు కూడా వస్తోంది. సాయంత్రం ఐదు ప్రాంతంలో వస్తాం."

'రెండూ కలిపి చూడండి' అన్న ముక్క మర్చిపోకండి. మీ గదులు రెండు వేర్వేరు బుకింగులుగా ఉంటే, అక్కడ ఒకదాని గురించి రెండోదానికి తెలియదు. ఇక 'మీకు ఎలా వీలైతే అలా' అన్న మాటకి ఉన్న విలువ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. ఆ లిస్ట్‌లో ఏదీ అడ్డం పెట్టని మనిషి కనబడటం అరుదు. అడిగిన రెండూ ఇచ్చేయాలనిపిస్తుంది.

ఇప్పుడు అప్‌గ్రేడ్. అది ఎవరికి, ఎందుకు వస్తుందో తెలిస్తే మీకు టెన్షన్ తగ్గుతుంది. హోటళ్లు తక్కువ రేటు గదుల్ని ఉన్నవాటికన్నా ఎక్కువ అమ్మడం మామూలే, కొందరు రద్దు చేసుకుంటారని లెక్క. ఎవరూ రద్దు చేసుకోకపోతే కింద గదులు చాలవు, పైన ఖాళీ ఉంటుంది. అప్పుడు కొందరిని పైకి జరపాల్సిందే. అలా జరిపేటప్పుడు లాయల్టీ సభ్యుల్ని ముందు చూస్తారు. మారియట్‌లో ఏడాదికి 50 రాత్రులతో వచ్చే ప్లాటినం, హయత్‌లో 60 రాత్రులతో వచ్చే గ్లోబలిస్ట్ లాంటి హోదాలవాళ్లకి కూడా మామూలుగా దొరికే అప్‌గ్రేడ్ 'ఖాళీ ఉంటేనే' అన్న షరతు మీదే. వాళ్ల తర్వాత నేరుగా హోటల్ దగ్గర బుక్ చేసుకున్నవాళ్లు. ట్రావెల్ సైట్‌లో తక్కువ రేటుకి తీసుకున్నవాళ్లు సాధారణంగా చివర్లో. పెద్ద హోటల్ సంస్థలు చాలావరకు అలాంటి బుకింగ్‌కి పాయింట్లు కూడా ఇవ్వవు.

ఒక్క రాత్రి ఉండేవాళ్లని పైకి జరపడం తేలిక, మర్నాడు ఆ సూట్ మళ్లీ అమ్ముకోవచ్చు. ఐదు రాత్రులంటే మధ్యలో శనివారమో పండగో తగులుతుంది, ఆ రోజున ఆ సూట్‌కి కొనేవాళ్లు ఉంటారు. వ్యాపార పనుల మీద జనం వచ్చే సిటీ హోటల్‌లో వారాంతం ఖాళీ, రిసార్ట్‌లో అదే కిటకిట. మీ ఫ్రెండ్‌కి దొరికింది బహుశా అబద్ధం వల్ల కాదు, ఆ రోజు సూట్ ఖాళీగా ఉండటం వల్ల. హనీమూన్ అన్న మాట రిసార్ట్ లిస్ట్‌లో ఎన్నిసార్లు కనబడుతుందో తెలిస్తే ఆవిడే నవ్వుకుంటుంది. దానికి సాధారణంగా వచ్చేది ఒక కేకు, మంచం మీద పూలు, మేనేజర్ సంతకంతో ఒక కార్డు. మీరు ఇద్దరు పిల్లలతో, అత్తమామలతో దిగి హనీమూన్ అంటే వాళ్లేమనుకుంటారో మీరే ఊహించుకోండి. మీ దగ్గర నిజమైన పెళ్లిరోజు ఉంది. దాన్ని ఒక వాక్యంలో చెప్పి, ప్రతిఫలం అడక్కుండా వదిలేయండి. 'పెళ్లిరోజు కాబట్టి అప్‌గ్రేడ్ ఇవ్వండి' అనగానే అది బేరం అవుతుంది.

లాస్ వేగస్‌లో పాతకాలం నుంచి ఒక చిట్కా చెప్తారు, గుర్తింపు కార్డుకీ క్రెడిట్ కార్డుకీ మధ్య ఇరవై డాలర్ల నోటు మడిచి పెట్టి కౌంటర్ మీద జరపడం. అది అక్కడి వాడుక. మీ రిసార్ట్‌లో ప్రయత్నించకండి. అవతలి మనిషి ఉద్యోగానికే ఎసరు రావచ్చు, మీరూ ఇబ్బంది పడతారు.

డబ్బిచ్చి పైకి వెళ్లడం మాత్రం నూటికి నూరుపాళ్లు మర్యాదైన దారి. బయల్దేరే ముందు 'మీ గదిని అప్‌గ్రేడ్ చేసుకోండి, మీ ధర మీరే చెప్పండి' అని ఈమెయిల్ రావచ్చు. దాంట్లో రాసేది చాలావరకు ఒక రాత్రికి, మొత్తానికి కాదు. ఐదుతో గుణించి, మళ్లీ రెండు గదులకీ గుణించి, పన్ను కలిపి చూసుకోండి. మీరు రాసిన ధరకి హోటల్ ఒప్పుకుంటే కార్డు నుంచి డబ్బు పోతుంది, వెనక్కి రాదు. పైగా మీరు ఖాయం చేసుకున్న కనెక్టింగ్ తలుపు దాంతో పోవచ్చు, కంప్యూటర్‌కి మీ అత్తగారి మోకాళ్ల సంగతి పట్టదు. మీ పరిస్థితిలో నేనైతే ఆ మెయిల్ పక్కన పెట్టి, చెకిన్ దగ్గర అడుగుతాను: "ఈ రెండు గదులూ ఇలాగే దగ్గరగా ఉంచి, వ్యూ ఉన్నవాటికి మారాలంటే రోజుకి ఎంత అదనం?" డెస్క్ మీద చెప్పే రేటు వెబ్‌సైట్‌లోని తేడా కన్నా తక్కువ ఉండే సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ రాత్రి అమ్ముడుపోని గది మర్నాటికి సున్నా కదా. చాలా చోట్ల అలా అమ్మిన సిబ్బందికి కొంత ముడుతుంది కూడా, కాబట్టి మీరు అడిగితే విసుక్కోరు. రేటు విన్నాక 'సీ వ్యూ' అంటే ఏమిటో తేల్చుకోండి. ఓషన్ ఫ్రంట్ అంటే ఎదురుగా సముద్రమే. ఓషన్ వ్యూ అంటే కిటికీలోంచి కనిపిస్తుంది. పార్షియల్ అంటే బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే కనిపిస్తుంది.

మీవారి మాటకి వస్తాను. అడుక్కోవడం అన్నారు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి మెట్లు లేని గది అడగడంలో అడుక్కోవడం ఏముంది? ఆ సమాచారం ముందే చెప్పడం హోటల్‌కి కూడా మేలు, లేకపోతే రాత్రి తొమ్మిదింటికి గది మార్చే పని వాళ్ల మీదే పడుతుంది. ఆయన ఇబ్బందల్లా సూట్ దగ్గరే అయితే, ఆ ముక్క వరకు నేను ఆయన వైపే.

చెకిన్ వేళ గురించి. పొద్దున్నే వెళ్తే మీకు బ్లాక్ చేసిన గది ఇంకా ఖాళీ అయి ఉండదు. 'ఇప్పుడే ఇవ్వగలిగింది ఇది' అని వేరే గది చూపిస్తారు. ప్రయాణ అలసటలో సరే అనేస్తే కనెక్టింగ్ జత పోతుంది. సామాన్లు అక్కడ పెట్టి, పూల్ దగ్గర కూర్చుని, మీ గదుల కోసమే ఆగండి. మరీ రాత్రి వెళ్లడం కూడా మంచిది కాదు. హోటల్ నిండిపోయిన రోజున ఆలస్యంగా వచ్చినవాళ్లకే ఇబ్బంది, ఒక్కోసారి వేరే హోటల్‌కి పంపించేస్తారు కూడా. ఆలస్యమైతే దారిలోంచే ఒక ఫోన్ కొట్టండి.

తీరా గది బాగోకపోతే? అందరూ ఒకేసారి గదిలోకి వెళ్లకండి. అత్తగారిని లాబీలో కూర్చోబెట్టి మీరో మీవారో ముందు వెళ్లి చూసి రండి. మంచం మీద కూర్చోవద్దు, బాత్రూం వాడొద్దు, పెట్టెలు తెరవొద్దు. ముట్టుకోని గది అయితే వాళ్లు మరు నిమిషంలో ఇంకొకరికి ఇవ్వగలరు, వాడితే హౌస్‌కీపింగ్ మళ్లీ శుభ్రం చేయాలి. చూడాల్సినవి: షవర్, మధ్య తలుపు రెండు వైపులా తెరుచుకుంటుందా, పక్కన సర్వీస్ లిఫ్టో హౌస్‌కీపింగ్ గదో ఉందా, ఏసీ మోత ఎంత. నచ్చకపోతే ఫోన్ చేయకుండా డెస్క్ దగ్గరికే వెళ్లి, నచ్చని కారణం ఒక్కటి చెప్పండి. 'గది చెత్తగా ఉంది' అంటే వాళ్లు చేయగలిగింది లేదు. 'షవర్‌కి గట్టు ఎత్తుగా ఉంది, ఆవిడ ఎక్కలేరు' అంటే వెతుకుతారు. ఈ రాత్రికి లేదంటే, రేపు ఖాళీ అయ్యే గదుల్లో ఒకటి ఇప్పుడే బ్లాక్ చేయమనండి. చెప్పినవాళ్ల పేరు అడిగి రాసుకోండి, పొద్దున వేరే షిఫ్ట్‌వాళ్లు ఉంటారు. ఐదు రాత్రుల్లో ఒకటి పోతే పోయింది, నాలుగు మిగులుతాయి.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ బుకింగ్ ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఎప్పటివరకో ఈరోజే చూడండి. గడువు ఉంటే రిసార్ట్‌కి ఫోన్ చేసి, అదే రేటుకి నేరుగా తమ దగ్గర బుక్ చేసుకోనిస్తారా, కనెక్టింగ్ కన్ఫర్మ్ చేసి ఇస్తారా అని అడగండి. రెండింటికీ అవునంటే ముందు కొత్త బుకింగ్ చేసుకుని, కన్ఫర్మేషన్ చేతికి వచ్చాకే సైట్‌లోది రద్దు చేయండి. గడువు దాటిపోయి ఉంటే ఉన్న బుకింగ్‌తోనే, పైన రాసిన ఈమెయిల్‌తో వెళ్లిపోండి.